వరద తగ్గిన పిమ్మట

గోదావరి దక్షిణ తీరమున మంథని యను ప్రాచీన పట్టణము కలదు. వేదవిద్యకును, శాస్త్రపాండిత్యమునకును ఈ ఊరు పేరుగాంచినది. పూర్వము కరీంనగరు జిల్లాలోనుండి, 2016లో ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో చేరినది. ఇచ్చటివారికి గోదావరి తల్లివంటిది. పండుగ వచ్చినను, పుష్కరము వచ్చినను జనులు ఆ ఒడ్డునకే చేరుదురు.

2022 జూలై నెలలో ఆ తల్లియే ఉగ్రరూపము దాల్చెను. ఉత్తర తెలంగాణమున వానలు ఎడతెరిపి లేక కురిసెను. నది పొంగి, మంథనిలోని లోతట్టు వీధులలోనికి నీరు వచ్చెను. దిగువనున్న భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటెను. 1986 తరువాత అంతటి వరద అచ్చట రాలేదు.

వరద నీరు కొన్ని దినములలో తీసిపోవును. జనులు ఇండ్లలోని బురదను ఎత్తిపోయుదురు. తడిసిన ధాన్యమును ఎండబోయుదురు. గోడలకు మరల సున్నము వేయుదురు. కాని మనస్సులో చేరిన భయము అంత త్వరగా తీసిపోదు. ఇల్లు మునుగుట కన్నులార చూచిన పిల్లవాడు ఆ తరువాత నాలుగు చినుకులు పడినను ఉలికిపడవచ్చును. రాత్రి నిద్రలో కలవరింపవచ్చును. బడిలో పుస్తకము తెరచినను అక్షరములు కనబడునే కాని అర్థము తలకెక్కదు. తోడివారు పిలిచినను పలుకక ఒక మూల కూర్చుండును. చూచువారు అతనిని పిరికివాడనియో, సోమరియనియో తలంతురు. అది పొరపాటు. కాలు విరిగినవాడు కుంటుట ఎట్లు సహజమో, పెద్ద ఆపద చూచిన మనస్సు కొంతకాలము తల్లడిల్లుట అట్లే సహజము.

ఆపద ఎదురైనపుడు దేహమున ఒక హెచ్చరిక పుట్టును. మూత్రపిండముల పైనున్న చిన్న గ్రంథులు ఎడ్రినలిన్ అను స్రావమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, ఊపిరి వేగమగును, కండరములు బిగియును. పరుగెత్తి ప్రాణము దక్కించుకొనుటకు ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. ఆపద తొలగగానే దేహము శాంతింపవలెను. కాని గట్టి దెబ్బ తిన్న మనస్సునకు ఒక్కొక్కప్పుడు ఆ హెచ్చరిక ఆగదు. నీరు పోయినను, నీరు వచ్చుచున్నట్లే దేహము భయపడుచుండును. తుదకు తన గుండె చప్పుడే తనకు భయమగును.

ఇట్టి మనస్సునకు ఆటలును, వ్యాయామమును చేయు మేలు గొప్పది. చెడుగుడు ఆటను చూడుడు. కూతకు పోయినవాని గుండె వడిగా కొట్టుకొనును, ఊపిరి బిగియును, ఒడలెల్ల చెమట పట్టును. ఇవన్నియు భయము వేళ కలుగు మార్పులే. కాని ఇచ్చట ఆపద లేదు. పట్టుబడినను ప్రాణమునకు ముప్పు లేదు. గీత దాటి తనవారి నడుమకు రాగానే ఊపిరి తిరుగును. కొంతసేపటికి గుండె కుదుటపడును. దినదినము ఇట్లు జరుగగా, గుండె వేగము కీడునకే గుర్తు కాదనియు, అది పెరిగినట్లే తగ్గుననియు దేహము నేర్చుకొనును. ఈ పాఠము మాటలతో చెప్పిన అంత సులభముగా ఒంటబట్టదు.

మరికొన్ని మేళ్లు కూడ కలవు. కొంతసేపు విడువక శ్రమించినపుడు మెదడులో ఎండార్ఫిన్లు మొదలైన పదార్థములు పుట్టి నొప్పిని తగ్గించును. అలసిన దేహమునకు గాఢనిద్ర పట్టును. నిద్ర చాలినపుడు మనస్సు తేటపడును. అన్నిటికంటె ముఖ్యమైనది తోడు. ఒంటరిగా కూర్చున్నవానిని ఆట నలుగురిలోనికి తెచ్చును. క్రమము తప్పక వ్యాయామము చేయువారిలో దిగులు, ఆందోళన తగ్గుచున్నవని అనేక పరిశోధనలు తెలుపుచున్నవి.

ఈ సంగతిని వైద్యమునకు ఉపయోగించి చూపిన మహనీయుడు లడ్విగ్ గట్‌మన్. ఆయన జర్మనీ దేశమున పుట్టిన యూదు వైద్యుడు. నాజీల హింసకు తాళలేక 1939లో ఇంగ్లండు చేరెను. 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నెముక దెబ్బతిన్నవారి చికిత్సాశాలకు అధిపతి అయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులు అచ్చట నుండిరి. నడుము క్రింది భాగము చచ్చుబడగా, ఇక తమ బ్రతుకు మంచము పాలైనదని వారు నిరాశ చెందియుండిరి. గట్‌మన్ వారిని మంచముల నుండి లేపి, చక్రముల కుర్చీలలో కూర్చుండబెట్టి, చేత బంతియు విల్లును పెట్టెను. 1948 జూలై 29వ తేదీన లండను నగరమున ఒలింపిక్ క్రీడలు ఆరంభమయ్యెను. ఆ దినముననే ఆసుపత్రి పచ్చికపై 16 మంది క్షతగాత్రులు విలువిద్యలో పోటీపడిరి. ఆ చిన్న పోటీయే పెరిగి పెద్దదై, 1960లో రోము నగరమున జరిగిన మొదటి పారాలింపిక్ క్రీడలకు మూలమయ్యెను.

మన దేశ సైనికుడు మురళీకాంత్ పేట్కర్ చరిత్రయు ఇట్టిదే. 1965 యుద్ధమున ఆయన దేహమున తుపాకి గుండ్లు దూరెను. చికిత్సలో భాగముగా ఈత మొదలుపెట్టి, 1972లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్ నగరమున జరిగిన పారాలింపిక్సులో 50 మీటర్ల ఈతయందు స్వర్ణపతకము గెలిచెను.

మనస్సును గాయపరచునవి వరదలును, యుద్ధములును మాత్రమే కావు. తోడివారి మాటలు కూడ గాయపరచును. వరంగల్లు ప్రాంతమున కల్లెడ యను గ్రామము కలదు. అచ్చటి కూలిజనుల ఇంట మేధోవైకల్యముతో పుట్టిన బాలిక జీవాంజి దీప్తి. ఊరిలో కొందరు ఆమెను పిచ్చిదని గేలి చేసిరి. అనాథాశ్రమమునకు పంపివేయుమని కొందరు తల్లిదండ్రులకు సలహా చెప్పిరి. తల్లిదండ్రులు ఆమెను విడువలేదు. బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గుర్తించెను. పిమ్మట నాగపురి రమేశ్ అను శిక్షకుడు హైదరాబాదులో ఆమెకు తర్ఫీదు ఇచ్చెను. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున జరిగిన ప్రపంచ పారా క్రీడలలో ఆమె 400 మీటర్లను 55.07 సెకనులలో పరుగెత్తి, తన తరగతిలో ఆనాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అదే సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన పారిస్ పారాలింపిక్సులో కాంస్యపతకము పొందెను. గేలి మాటలు విన్న ఊరిలోనే ఆమె పేరు గౌరవముతో వినబడెను.

అందరికిని పతకములు రావు, రానక్కరలేదు. ఆమె చరిత్రలో విద్యార్థులు గ్రహింపవలసినది వేరొకటి కలదు. ఆమెకు మేలు కలిగించినది పరుగు ఒక్కటియే కాదు. విడువని తల్లిదండ్రులు, గుర్తించిన ఉపాధ్యాయుడు, ఓర్పుతో నేర్పిన గురువు ఆ పరుగు వెంట నిలిచిరి. అట్టి ఆదరణ లేనిచోట ఆటయే మరియొక గాయము కావచ్చును. బంతిని జారవిడిచినవానిని చూచి నవ్వుట, ఓడినవానిని వెక్కిరించుట, వలదన్నవానిని బలవంతముగా బరిలోనికి లాగుట తగని పనులు. నీటికి భయపడుచున్నవానిని ధైర్యము చెప్పు నెపమున ఏటిలోనికి దింపుట మరింత ప్రమాదము. అట్టివాడు మొదట నడువవచ్చును, తాడాట ఆడవచ్చును, గీత వెలుపల నిలిచి లెక్క చూడవచ్చును. అదియు ఆటలో భాగమే.

ఆట అన్ని జబ్బులకును మందు కాదు. వారములు గడచినను నిద్ర పట్టనివారును, అన్నము సహింపనివారును, బ్రతుకుపై విసుగు చెందినవారును వెంటనే పెద్దలకు చెప్పి వైద్యుని చూడవలెను. ఇందుకై భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో టెలీ మానస్ అను సేవను ప్రారంభించెను. 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. జ్వరమునకు వైద్యుని చూచుట సిగ్గు కానట్లే, మనోవ్యథకు చూచుటయు సిగ్గు కాదు. వైద్యుని చికిత్సకు ఆట తోడగును. దాని స్థానమును ఆక్రమింపదు.

ఐదు మొదలు పదునేడు సంవత్సరముల వయస్సు గలవారు దినమునకు సగటున 60 నిమిషములైనను దేహమునకు శ్రమ కలిగించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చెడుగుడునకు నేలమీద ఒక గీత చాలును. ఖోఖోకు వరుసగా కూర్చుండు మిత్రులు చాలుదురు. చిర్రగోనెకు రెండు కర్రముక్కలు చాలును.

గోదావరి తీరమున ఇకముందు కూడ వరదలు రావచ్చును. వచ్చినపుడు పడవలు, బియ్యము, దుప్పట్లు అవసరమగును. వాని వెంబడి మరియొకటి కూడ అవసరము. నీరు తీసి, బడి తెరచిన పిమ్మట, మూల కూర్చున్న తోడివాని వద్దకు పోయి, “మా జట్టులో ఒకరు తక్కువైనారు, రా” అని పిలువవలెను. అతడు ఆనాడు రాకపోవచ్చును. మరునాడు మరల పిలువవలెను.