భుజం మార్పిడి సంగతి: అమ్మడికి ఉత్తరం

కాశీబుగ్గ



పుట్టుకలో నరం దెబ్బతిన్న భుజానికి ఇప్పుడు కీలు మార్పిడి చేయించుకోవాలా అని అడిగావు. చెయ్యి రెండో చెయ్యిలా లేవాలన్న ఆశతోనైతే వద్దమ్మా. నొప్పి రాత్రి నిద్రనీ పగలు పనినీ మింగేస్తుంటే మాత్రం ఆలోచించు. అదీ చెయ్యి ఎత్తే డెల్టాయిడ్ కండరంలో ఎంత బలముందో తేలాకే.

కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కుని మెడ సాగితే ఎక్కువగా దెబ్బతినేవి మెడలోని ఐదో, ఆరో నరాల వేర్లు. విల్హెల్మ్ ఎర్బ్ 1874లో వివరించిన ఎర్బ్స్ పాల్సీ ఇదే. ఆ నరాలను కుట్టి బాగుచేసే అదను పసితనంలోని తొలి నెలల్లోనే ఉంటుంది. చెయ్యిని లోపలికి తిప్పే కండరాలు బలంగా, బయటికి తిప్పేవి నీరసంగా ఉండటంతో ఎదిగే వయసులో భుజం గిన్నె వెనక్కి వాలుతుంది, ఎముక తల వెనక్కి జారుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ కీలు అరుగుతుంది. అందుకే "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడేం నొప్పి" అనేవాళ్ల మాట పట్టించుకోకు. నరానికి తగిలిన దెబ్బ పెరగదు, కీలు అరుగుదల పెరుగుతుంది.

మార్పిడితో మారేది అరిగిన కీలే, నరం కాదు. మామూలు మార్పిడికి కీలు చుట్టూ ఉన్న కండరాలు పనిచెయ్యాలి, గిన్నెలో తగినంత ఎముక మిగిలుండాలి. ఆ కండరాలు పనిచెయ్యనివారికి ఫ్రాన్సులో పాల్ గ్రామాంట్ 1985లో రివర్స్ పద్ధతి తెచ్చాడు: గిన్నె ఉన్నచోట గుండు, గుండు ఉన్నచోట గిన్నె. అప్పుడు చెయ్యి ఎత్తే భారం దాదాపు అంతా డెల్టాయిడ్‌దే. చిక్కంతా ఇక్కడే ఉంది తల్లీ. డెల్టాయిడ్‌ని నడిపే నరం కూడా ఆ ఐదో, ఆరో వేర్ల నుంచే వస్తుంది. వయసు మీదపడి భుజం అరిగినవాళ్లకు ఈ పద్ధతితో చెయ్యి లేచిందంటే వాళ్ల నరం బాగుంది కనుక. ఆ లెక్క నీకు పనికిరాదు. నీలాంటివారి మీద జరిగిన అధ్యయనాలు చిన్నవే. వాటిలో నొప్పి తగ్గడం కనిపించినంతగా కదలిక పెరగడం కనిపించదు.

అయితే మాత్రలతో నెట్టుకురావచ్చు కదా అంటారు. వేరే ఊరైతే నేనూ గట్టిగా అడ్డుచెప్పను. మనది ఉద్దానం. కిడ్నీ జబ్బుకు మూలం ఇప్పటికీ పూర్తిగా తేలని నేల. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి తెరవాల్సి వచ్చిందంటే బాధ ఎంతదో చూడు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు అందే రక్తాన్ని తగ్గిస్తాయి. ఇక్కడ వాటిని నెలల తరబడి మింగుతూ వాయిదా వెయ్యడాన్ని జాగ్రత్త అనలేను.

చిన్న వయసులో పెట్టిన కీలు వదులైతే రెండో ఆపరేషన్ ఇంకా కష్టమన్న అభ్యంతరం మాత్రం నిజమైనది. కాబట్టి ముందు ఫిజియోథెరపీ, ఇంజెక్షన్ చూడాలి. చేతి ఎముకను కోసి బయటివైపు తిప్పి అతికించే ఆపరేషన్ గురించీ అడగాలి. డెల్టాయిడ్ బొత్తిగా లేకపోతే కీలునే అతికించేస్తారు. కీలు బిగిసిపోయినా రెక్క ఎముక కదలికతో చెయ్యి కొంత లేస్తుంది, నొప్పి పోతుంది.

పలాసలో రైలెక్కి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకి చూపించు. సీటీలో గిన్నె ఆకారం, కండరాల పరీక్ష ఈఎంజీలో డెల్టాయిడ్ సత్తా తెలుస్తాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు, ఇన్నాళ్లూ వేసుకున్న మాత్రల చీటీలు కూడా పట్టుకెళ్లు.

నీ పెదనాన్న