పళ్ల డాక్టరంటే భయమా? ఆ మాట ముందు డాక్టరుతోనే చెప్పండి

మా ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి వరుసగా నాలుగు రోజులు బడికి రాలేదు. ఐదో రోజు తల్లి వెంటబెట్టుకొని వచ్చింది. ఎడమ దవడ బన్నులా ఉబ్బింది, నోరు సగమే తెరుచుకుంటోంది. నొప్పి ఎప్పటి నుంచని అడిగితే, "ఆరు నెలలుగా వస్తూ పోతూ ఉంది సార్. లవంగం పెట్టి సర్దుకున్నాం. డాక్టరు దగ్గరికి పోదాం అంటే చాలు, ఇంట్లోంచి పారిపోతాడు" అంది. అదే రోజు పెద్దాసుపత్రికి పంపించాం. చీము తీసి, మందులిచ్చి, వారం తర్వాత పన్ను తీసేశారు. పోయింది పాలపన్ను కాదు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనకాల చప్పుడు లేకుండా మొలిచే మొదటి శాశ్వత దవడ పన్ను. చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకొని, ఊడితే మళ్లీ వస్తుందిలే అని వదిలేస్తారు. అది మళ్లీ రాదు.

ఆ రోజు స్టాఫ్ రూములో ఈ సంగతి మాట్లాడుకుంటుంటే మాకే సిగ్గనిపించింది. "అల్లరి చేస్తే పళ్లు పీకే డాక్టరు దగ్గర వదిలేసి వస్తాం" అని క్లాసులో మేమే ఎన్నిసార్లు అని ఉంటాం! ఇంట్లో అమ్మ సూది పేరు చెప్పి అన్నం తినిపిస్తుంది, బడిలో మేము పటకారు పేరు చెప్పి నోరు మూయిస్తాం. పిల్లవాడి భయంలో సగం వాడిది కాదు, మనం వేసిందే.

పెద్దవాళ్ల భయం వేరు. ఎప్పుడో మత్తు సరిగా ఎక్కకముందే పన్ను లాగించుకున్న జ్ఞాపకం అది. పైగా ఆ కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకొని పడుకున్న మనిషి మాట్లాడలేడు, లోపల ఏం జరుగుతోందో చూడలేడు. ఎంత ధైర్యవంతుడికైనా అది ఇబ్బందే. దీన్ని పిరికితనం అనడం తప్పు.

అయితే ఈ భయం మనల్ని మోసం చేస్తుంది. ఎలాగో చూద్దాం. పంటి మీద ఉండే తెల్లని గట్టి పొర ఎనామిల్. దానిలో నరం లేదు. మనం తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారిస్తే, ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. ఈ దశలో నొప్పి ఉండదు. గుంత లోపలి పొర అయిన డెంటిన్‌కు చేరితే చల్లనివీ, తియ్యనివీ జివ్వుమంటాయి. నరమూ రక్తనాళాలూ ఉండే పల్ప్‌కు చేరినప్పుడే రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని పోటు మొదలవుతుంది. మొదట్లోనే వెళితే చిన్న ఫిల్లింగుతో పోతుంది, చాలాసార్లు సూది కూడా అక్కర్లేదు. భయపడి ఆగినవాళ్లకే రూట్ కెనాలో, పన్ను తీయడమో తప్పదు. అంటే ఏ నొప్పికి భయపడ్డామో, ఆ నొప్పినే చేతులారా పెంచుకుంటున్నామన్నమాట. అది అనుభవించాక భయం ఇంకా పెరుగుతుంది.

మీ భయం ఎంతో కొలుచుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. 1969లో కోరా అనే పరిశోధకుడు నాలుగు ప్రశ్నలతో ఒక కొలమానం తయారుచేశాడు. తర్వాత దానికి ఇంజెక్షన్ గురించిన ప్రశ్నను చేర్చి అయిదు చేశారు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే మీకెలా ఉంటుంది? బయట వేచి ఉన్నప్పుడు? పన్నును డ్రిల్ చేయబోతుంటే? గార తీయబోతుంటే? చిగురుకు సూది వేయబోతుంటే? ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. మొత్తం 25కి 19 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే భయం తీవ్రంగా ఉన్నట్టు లెక్క. మార్కులు తక్కువ వస్తేనే సంతోషించాల్సిన పరీక్ష మా ఉపాధ్యాయ వృత్తిలో ఇదొక్కటే చూశాం. మార్కులు ఎక్కువ వస్తే ఆ కాగితం దాచుకోకండి, డాక్టరు చేతిలో పెట్టండి.

చెబితే ఏం లాభం అంటారా? చాలా ఉంది. మంచి డాక్టరు ముందు మందు జోలికే పోరు. పిల్లలకైతే ఏం చేయబోతున్నారో మాటల్లో చెప్పి, పరికరం చూపించి, వేలి గోటి మీద తిప్పి, ఆ తర్వాతే నోట్లో పెడతారు. మేము లెక్కల పాఠం చెప్పే పద్ధతీ ఇదే. పెద్దవాళ్లతో ఒక ఒప్పందం చేసుకుంటారు: ఎడమ చెయ్యి ఎత్తితే పని ఆగిపోవాలి. చెయ్యి ఎత్తే అవసరం రాకపోవచ్చు, కానీ ఎత్తితే ఆగుతారన్న నమ్మకమే సగం భయాన్ని తీసేస్తుంది. సూది వేసేచోట ముందుగా తిమ్మిరెక్కించే జెల్ రాసి, మందును నెమ్మదిగా ఎక్కిస్తే ఆ పోటు కూడా బాగా తగ్గుతుంది. లిగ్నోకైన్ అనే మత్తుమందు ఇంతకుముందు సరిగా పట్టలేదనుకుంటే అదీ చెప్పాలి. చీము పట్టిన చోట మత్తు తొందరగా పట్టదు. ముందు వాపు తగ్గించి తర్వాత పన్ను పట్టుకుంటారు.

ఇవేవీ చాలనివాళ్ల కోసమే సెడేషన్. మా ఆపా సంగతి చెబుతాం. ఆమెకు 58 ఏళ్లు, షుగరు ఉంది. చిన్నప్పుడు జాతరలో పళ్లు పీకేవాడి చేతిలో పడింది మొదలు, నలభై ఏళ్లకు పైగా పళ్ల డాక్టరు గడప తొక్కలేదు. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, "ఉన్న నాలుగు పళ్లు నాతోనే పోతాయిలే తమ్ముడూ" అనేవారు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగరును అదుపు చేయడం కష్టమవుతుంది. ఈ మాట వాళ్ల షుగరు డాక్టరే చెప్పాక, ఒక దంతవైద్య కళాశాలకు తీసుకెళ్లాం. ఆమెకు ముక్కు మీద చిన్న తొడుగు పెట్టి నైట్రస్ ఆక్సైడ్ ఇచ్చారు.

దీన్ని జనం లాఫింగ్ గ్యాస్ అంటారు. దాని కథ వినదగ్గది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జనానికి ఈ గ్యాసు పీల్పించి నవ్వించే ప్రదర్శన ఒకటి జరిగింది. గ్యాసు పీల్చిన ఒకాయన కాలికి గట్టి దెబ్బ తగిలినా నొప్పి తెలియలేదు. చూస్తున్న హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు మర్నాడే తాను గ్యాసు పీల్చి తన పన్ను తీయించుకున్నాడు. తర్వాతి నెలలో బోస్టన్‌లో విద్యార్థుల ముందు చేసి చూపిస్తే మాత్రం రోగి కేక పెట్టాడు, అందరూ వెల్స్‌ను మోసగాడన్నారు. గ్యాసు సంచిని తొందరగా తీసేయడమే కారణం. ఇప్పుడు అలా కాదు. గ్యాసులో ఎప్పుడూ కనీసం 30 శాతం ఆక్సిజన్ కలిసే వస్తుంది. మనిషి నిద్రపోడు. మాటలు వినబడతాయి, జవాబు చెప్పగలడు, మనసు మాత్రం తేలికవుతుంది. చివర్లో అయిదు నిమిషాలు వట్టి ఆక్సిజన్ ఇస్తే మత్తు దిగిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామందిలో ఉంది. గ్యాసు ఇస్తే సూది అక్కర్లేదనుకుంటారు. సెడేషన్ భయాన్ని తగ్గిస్తుంది, నొప్పిని పూర్తిగా ఆపదు. చిగురుకు మత్తు ఇంజెక్షన్ అలాగే వేయాలి. కాకపోతే అది వేసినట్టు మా ఆపాకు తర్వాత మేము చెబితే గానీ తెలియలేదు.

జలుబుతో ముక్కు మూసుకుపోయినవాళ్లకు ఈ గ్యాసు పనిచేయదు. గర్భిణులు, ముఖ్యంగా తొలి మూడు నెలల్లో ఉన్నవాళ్లు, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, బి12 విటమిన్ లోపం ఉన్నవాళ్లు, ఇటీవలే కంటిలో గ్యాసు పెట్టి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ముందే చెప్పి తీరాలి. దీనికి పై మెట్టు మాత్రలూ, నరానికి ఇచ్చే మిడజోలమ్ లాంటి మందులూ. వీటితో మగత వస్తుంది, జరిగింది సరిగా గుర్తుండదు. కాబట్టి వెంట ఒక పెద్దమనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు, స్టవ్ దగ్గర నిలబడకూడదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. నరానికి మందు ఇచ్చేటప్పుడు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, బీపీ పట్టీ ఉన్నాయా, ఏదైనా జరిగితే చూసుకునే శిక్షణ ఉన్నవాళ్లున్నారా అని అడగడం మన హక్కు. అడిగితే విసుక్కునేచోట మేమైతే ఆ మందు తీసుకోము. ఇంట్లో ఎవరిదో నిద్రమాత్ర ఉందని ముందుగా మింగి వెళ్లడం మహా ప్రమాదం.

ఎన్ని గంటల ముందు తినడం ఆపాలో డాక్టరే చెబుతారు. షుగరు మందు వాడేవాళ్లు ఆ రోజు మాత్ర సంగతీ అప్పుడే అడగాలి. రంజాన్ ఉపవాసంలో ఖాళీ కడుపుతో, షుగరు మాత్రల మీద ఉండి కుర్చీ ఎక్కడం మంచిది కాదు. ఆగగలిగిన పనిని నెల ముందో, తర్వాతో పెట్టుకోవచ్చు. వాపు, జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, మింగడం కష్టమవడం ఉంటే మాత్రం ఏ నెలైనా, ఏ వేళైనా ఆగకూడదు. చీము గొంతు కిందికి దిగితే ఊపిరికే ప్రమాదం.

భయస్తులకు అసలు మందు ఇంట్లో ఉంది. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమాలి. అందులో రాత్రిది మానకూడదు. తోమాక ఉమ్మేస్తే చాలు, పుక్కిళ్ల కొద్దీ నీళ్లతో కడిగేస్తే ఫ్లోరైడ్ అంతా పోతుంది. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు. నల్లగొండ వైపు బంధువులు, నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువైతే పేస్టెందుకని అడుగుతారు. అక్కడి బాధ ఏళ్ల తరబడి తాగిన నీటి వల్ల వచ్చింది. పేస్టు మింగేది కాదు. అయినా అటువైపు చిన్నపిల్లలకు ఎంత వాడాలో డాక్టరును అడిగి వాడటం మేలు. మిస్వాక్‌గానీ వేపపుల్లగానీ వాడేవాళ్లు కొసను రోజూ కత్తిరించి కొత్తగా నమలాలి, లోపలి వైపు పళ్లను మరవకూడదు. తీపి ఎంత తిన్నామన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది పంటికి ముఖ్యం. రోజంతా గుక్కగుక్కగా తాగే చక్కెర చాయ్, పండుగనాడు తిన్న ఒక గిన్నె షీర్ ఖుర్మా కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. గుట్కా సంగతి ఒక్క ముక్కలో చెబుతాం: దానివల్ల నోరే తెరుచుకోకుండా పోతుంది, ఇక డాక్టరు పంటిని చూసేదెలా?

వెయ్యేళ్ల కిందట కార్డోవా వైద్యుడు అల్ జహ్రావీ పంటి గారను గీకే పరికరాల బొమ్మలు గీసి, పన్ను తీయడానికి తొందరపడవద్దని, నొప్పి రోగిని మోసం చేసి మంచి పన్నును చూపించవచ్చని రాశాడు. మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో స్థాపించింది డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన పుట్టినరోజైన డిసెంబరు 24నే మన దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుకుంటారు. పోయిన ఏడు ఆ రోజున మా బడికి ఒక డాక్టరమ్మను పిలిచాం. సూది తేవద్దని, చిన్న అద్దం మాత్రమే తెమ్మని అడిగాం. పన్ను పోగొట్టుకున్న ఆ అబ్బాయి అందరికన్నా వెనక బెంచీలో కూర్చున్నాడు. చివర్లో లేచి, "మేడమ్, చెయ్యి ఎత్తితే నిజంగా ఆపుతారా?" అని అడిగాడు. ఆమె వాణ్ని ముందుకు పిలిచి, అద్దం వాడి చేతికే ఇచ్చి, తన నోరు తెరిచి చూడమంది. వాడు చూస్తుండగా ఆమె చెయ్యి ఎత్తింది. వాడు ఆపాడు.