వాగుగట్టు కాపుదల – గ్రామస్థుల పొత్తు

వాగు ఏ ఒక్కరి సొత్తును గాదు. వాగుగట్టు మాత్రము పెక్కురు పట్టాదారుల పొలములకు హద్దు. తగవులు ఇచ్చటనే పుట్టుచున్నవి. దున్నువాడు ఏటేట ఒకటి రెండు చాళ్లు నీటియంచువైపునకు జరుపును. గట్టుమీది గడ్డిని, వావిలిపొదలను నరికి ఆ జాగాలో విత్తనము చల్లును. రెండు మూడేండ్లు ఇది లాభముగనే తోచును. పిమ్మట ఒక పెద్దవానకు వాగు పొంగినప్పుడు, వేళ్లపట్టు లేని గట్టు విరిగి, క్రొత్తచాళ్లతో కూడ పాతపొలము సైతము కొట్టుకొనిపోవును. ఆ మన్ను దిగువ చెరువులో పూడికగా పడును. ఒకరు చేసిన పని పదుగురకు నష్టమగుచున్నది గనుక, దాని నివారణమును పదుగురు కూడి చేయవలసినదే.

1. గట్టు తెగుటకు కారణములు

వాగు వంపు తిరిగినచోట ప్రవాహము వెలుపలి గట్టును ఒరసికొని పారును. లోపలి గట్టున ఇసుక మేట వేయును. కావున వెలుపలి వంపున నున్న రైతునకు భయమెక్కువ. అతడు తన గట్టునకు మాత్రమే రాళ్లు పేర్చుకొనిన యెడల, నీటిపోటు ఎదుటి గట్టుమీదనో, దిగువ పొలముమీదనో పడవచ్చును. వంపును త్రవ్వి వాగును తిన్నగా చేసినచో వాలు హెచ్చి, నీరు మరింత వడిగా పారి, దిగువవారి గట్లను కోయును. ఇసుకను మితిమీరి తీసినచోట వాగు అడుగు లోతుపడును; గట్టు పాదము కదలును; చుట్టుప్రక్కల బావులలోని ఊటయు తగ్గును. పశువులు ఇష్టము వచ్చినచోట దిగుటవలనను గట్టు జారును.

2. పంజాబు దేశమందలి దృష్టాంతము

పంజాబునందు కాలీ బేయిన్ అను చిన్న యేరు కలదు. అది హోషియార్‌పూరు జిల్లాలో పుట్టి, కపూర్తలా ప్రాంతముగుండ సుమారు 160 కిలోమీటర్లు ప్రవహించును. సుల్తాన్‌పూర్ లోధీ యందు గురునానకు ఈ యేటిలోనే స్నానముచేసి జ్ఞానోదయము పొందెనని సిక్కులు విశ్వసింతురు. అప్పటి కపూర్తలా సంస్థానములో 1870వ సంవత్సరమున కాంజ్లీ అనుచోట సేద్యమునకై దీనికి అడ్డకట్ట నిర్మింపబడెను.

ఇంతటి యేరు కాలక్రమమున పాడయ్యెను. పట్టణముల, గ్రామముల మురుగు అందులో చేరెను, గుర్రపుడెక్క అల్లుకొనెను, కొన్నిచోట్ల యేటి గర్భమే సాగుభూమి యయ్యెను. 2000వ సంవత్సరమున బల్బీర్ సింగ్ సీచేవాల్ అను సిక్కు సాధువు గ్రామస్థులను కూర్చుకొని కరసేవ ప్రారంభించెను. వారు మురుగునీటిలో దిగి చేతులతో గుర్రపుడెక్కను పెరికిరి, పూడిక తీసిరి, గట్టువెంబడి బాటలు వేసిరి, స్నానఘట్టములు కట్టిరి, చెట్లు నాటిరి. బాట మొదట పనిసాగుటకు వేసినదే యైనను, పిదప అది యెల్లరు నడచుదారి యయ్యెను. మురుగును యేటిలో విడువక, గోతులలో తేర్చి చెరువునకు మళ్లించి పొలములకు పారించు పద్ధతియు వాడుకలోనికి వచ్చెను. 2006వ సంవత్సరమున రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు స్వయముగా వచ్చి ఈ పనిని చూచిరి. 2017లో సీచేవాల్‌గారికి పద్మశ్రీ బిరుదము లభించెను.

అయినను ఇందొక హెచ్చరిక కలదు. తరువాతి కాలమున సైతము మురుగు మరల యేటిలో చేరి చేపలు చచ్చిన సందర్భములున్నవి. శుభ్రము చేయుట ఒకనాటి పని. కాపాడుట ప్రతిదినపు పని యని రైతులు గ్రహింపవలెను.

3. గట్టును తీర్చు విధము

నీటియంచున వట్టివేరు, తుంగ, వావిలి నిలుపవలెను. ఇవి వరదకు వంగునుగాని విరుగవు. వాటిపైన తెల్లమద్ది, కానుగ, నేరేడు, వెదురు నాటవలెను. గట్టుపైన బండి పోవునంత బాట విడువవలెను. బాటకును పొలమునకును నడుమ ఒక గడ్డిపట్టె యుంచినచో, పొలమునుండి పారు వాననీటిలోని మన్నును, ఎరువును ఆ గడ్డి చాలవరకు ఆపును. పశువులు నీరు త్రాగుటకు, వాలు తక్కువైనచోట రాళ్లు పరచిన రేవు ఒకటి రెండు ఏర్పరుపవలెను. పురుగుమందు డబ్బాలను వాగులో కడుగరాదు.

బాట యున్నందువలన హద్దు అందరికి కనుపడును. నడచువారు గట్టులోని పగులును చిన్నదిగా నున్నప్పుడే చూచి తెలుపుదురు.

4. లాభనష్టముల లెక్క

వాగువెంబడి 121 గజముల హద్దుగల రైతు పది గజముల వెడల్పు విడిచిన యెడల, 1210 చదరపు గజములు, అనగా పది గుంటల భూమి దుక్కిలోనుండి పోవును. చిన్నరైతునకు ఇది స్వల్పము కాదు. కాని గట్టు ఏటికొక గజము చొప్పున తెగినచో, పదియేండ్లలో ఆ పది గుంటలే వాగు పాలగును. అప్పుడు దుక్కియు లేదు, గడ్డియు లేదు. తాను విడిచిన భూమినుండి పశుగ్రాసము, కానుగగింజలు, వెదురు లభించును. భూమి పట్టాలోనే యుండును. హద్దు పొడవుగాను, పొలము చిన్నదిగాను ఉన్నవాని కష్టమును తక్కినవారు గుర్తించి, గడ్డిలోను కలపలోను అతనికి హెచ్చుపాలు ఇచ్చుట న్యాయము.

5. కట్టుబాటు

పని మొదలిడుటకు ముందు ఎగువ, దిగువ గ్రామముల రైతులు, కౌలుదారులు కూడి, సర్వే రాళ్లు చూచుకొని, ఒడంబడిక వ్రాసికొనవలెను. ఎవరి సర్వే నంబరు ఎదుట ఎంత విడిచిరి, మొక్కలకు నీరుపోయువారెవరు, గడ్డి కోయు వంతెవరిది, నియమము తప్పినవారు ఏమి చెల్లింపవలెను అనునవి స్పష్టముగా నుండవలెను. 2002వ సంవత్సరపు నీరు, భూమి, వృక్షముల చట్టము ఇసుక త్రవ్వకమును గూర్చి నిబంధనలు విధించినది. వానిని గ్రామపంచాయతీ ద్వారా అమలుపరచుకొనవలెను. తొలకరికి ముందొకసారి, వరదలు తీసినపిదప ఒకసారి అందరును గట్టువెంబడి నడచి చూడవలెను.

ఎగువరైతు గట్టు నిలిచిననే దిగువరైతు చేను నిలుచును. ఈ యేడు తొలకరికి ముందు ఒక్క ఫర్లాంగు గట్టునైనను పొత్తున నాటి, మూడేండ్లు కాపాడి చూచిన యెడల, తక్కిన గట్టు సంగతి రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.