అరకు వెళ్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన అరకు జాబితా చూశాను. రెండు రోజుల్లో అన్ని చోట్లా? పైగా అందులో లంబసింగి కూడా. అదేమీ అరకు పక్కవీధి కాదురా! పాడేరు మీదుగా వెళ్లి చింతపల్లి కూడా దాటాలి. వంజంగిలో మేఘాలు చూడాలంటే తెల్లారకముందే కొండెక్కాలి, మీ నాన్న మోకాళ్లు అందుకు ఒప్పుకోవు. ఆ రెండూ నువ్వూ అమ్మాయీ మరోసారి వెళ్లి చూసుకోండి. ఇంటిల్లిపాదీ కదిలినప్పుడు అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ల కాళ్లను బట్టే జాబితా రాసుకోవాలి.

విశాఖ నుంచి పైకి మాత్రం రైల్లోనే వెళ్లండి. ఘాట్ రోడ్డు మలుపులు మీ అమ్మకు పడవని నీకు తెలియనిది కాదు. అద్దాల పెట్టెలో టికెట్లు ముందుగానే అయిపోతాయి. దొరక్కపోతే దిగులు పడకు. నన్నడిగితే గాలి తగిలే మామూలు పెట్టే నయం. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కణ్ణుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైను అది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలు ఉన్నాయి. అరకు వరకు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టే పని పిల్లలకు అప్పగించు, ఇక ఫోన్ జోలికి పోరు. ఖనిజం బండికి దారివ్వడానికి మన బండి ఎక్కడైనా ఆగిపోవచ్చు. అప్పుడు విసుక్కోకు. పులిహోర, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

అరకులో దిగిన రోజు గిరిజన మ్యూజియం ఒక్కటి చూడండి, చాలు. సాయంత్రం ఏ పనీ పెట్టుకోకండి. చలికాలమైతే వలిసె పూలు పసుప్పచ్చగా విరబూసి ఉంటాయి. ఫోటో కోసం అందరూ చేలోకి దిగిపోతారు. అది నూనెగింజల పంట, ఎవరిదో ఏడాది కష్టం. రైతు డబ్బులడిగితే బేరమాడకుండా ఇచ్చి, గట్టు మీద నుంచే తీసుకోండి. థింసా నృత్యం చేసే ఆడవాళ్ల మధ్యకు పిల్లల్ని తోసి వీడియోలు తీయడం కూడా నాకు నచ్చదు. వాళ్లే చెయ్యందించి రమ్మంటే అది వేరే మాట.

బొంగులో చికెన్ తప్పకుండా తినండి. నూనె లేకుండా వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. కారం ఎక్కువైతే పిల్లలు తినలేరు, ముందే చెప్పి చేయించు. కాఫీ తోటలు దారి పొడవునా కనిపిస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే ఎగబాకిన మిరియాల తీగలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి కొనేటప్పుడు చికోరీ కలిపారేమో అడిగి మరీ కొను.

అక్కడో చిన్న స్థలం కొంటే ఎలా ఉంటుందని అడిగావు. ఆ ఆలోచన ఇక్కడితో వదిలెయ్యి. అది ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదు. దారిలో ఎవరైనా పేరు మార్పించి ఇప్పిస్తామంటే నమ్మకు. నువ్వు బొర్రా గుహలు చూడ్డానికి వెళ్లే అనంతగిరి కొండల్లో గనుల లీజుల మీద మొదలైన గొడవే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో సమత కేసు తీర్పు గిరిజనుల వైపు వచ్చింది. పిల్లలకు ఈ కథ కూడా చెప్పు. పెద్దవాడికి అర్థమయ్యే వయసే.

బొర్రా గుహలు తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి, ఎలాగూ అప్పుడు కారే కదా. లోపల మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మీ నాన్నను ముఖద్వారం లోపలి విశాలమైన చోట కూర్చోబెట్టు. గుహ గొప్పతనం సగం అక్కడే తెలుస్తుంది. పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా కారే నీటిలోని సున్నం వేల ఏళ్లు పేరుకుని లోపలి రాతి ఆకారాలుగా మారింది. వాటిని చేత్తో తడమనివ్వకు, చేతి జిడ్డు అంటితే ఆ పెరుగుదల ఆగిపోతుంది. అక్కడ పారే గోస్తనీ నదే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బయట కోతులుంటాయి, తిండి సంచులు కారులోనే వదిలెయ్యండి.

దిగేటప్పుడు అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, డ్రైవర్‌కు తొందరపడవద్దని చెప్పు. ఎస్.కోటలో మా ఇంటి దగ్గర ఆగండి. ఎంతమంది వస్తున్నారో ముందురోజే చెబితే, వంకాయ కూర, ముద్దపప్పు చేసి ఉంచుతాను. మీ నాన్నకు ఉప్పు తగ్గించమన్నారట కదా, ఆయనకు విడిగా వండుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య