చెరువులో గాలపు వేట: ఎర, గాలము, కట్టు

గ్రామమునకు చెరువు ఎంత ముఖ్యమో పంచాయతీ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. చెరువు పొలమునకు నీరిచ్చును, పశువులకు దప్పిక తీర్చును, బెస్త కుటుంబములకు జీవనమిచ్చును. చేపల హక్కును గుత్తకిచ్చిన చోట్ల పంచాయతీకి కొంత రాబడి కూడ చేకూరును. ఇట్టి చెరువుగట్టుపై గాలము వేసి కూర్చున్న మనిషిని చూచినపుడు, అది వట్టి కాలక్షేపమని మనము తలంతుము. కాని ఆ గాలపు పరిమాణము, దానికి గ్రుచ్చిన ఎర, దానిని వేసిన నెల, ఈ మూడును చెరువులోని సంపదను పెంచనో తగ్గించనో గలవు. అందుచే ఈ వ్యాసమున గాలపు వేటలోని ముఖ్య విషయములను వివరించి, వానిలో పంచాయతీ శ్రద్ధ వహింపవలసినవి ఏవో తెలుపదలచితిమి.

చేప నోటిని బట్టి ఎర

ఎర నెన్నుకొనుటకు ముందు చేప నోటిని పరిశీలింపవలెను. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది నీటి పైపొరలో తేలియాడు సూక్ష్మజీవులను తిని బ్రదుకును. శీలావతి, అనగా రోహు, నడిమి పొరలో మేయును. ఎర్రమోసు, అనగా మ్రిగాల, నోరు క్రిందికి వంగియుండును. అది అడుగు బురదలోని కుళ్లిన పదార్థములను తినును. కనుక ఒకే ముద్దను ఒకే లోతున వేసి మూడు చేపలను ఆశించుట వ్యర్థము.

ఈ మూటికిని తవుడు, నానవేసిన వేరుసెనగ చెక్క, గోధుమపిండి కలిపి పిసికిన ముద్ద తగిన ఎర. ముద్ద మరీ మెత్తనైనచో నీటిలో పడగనే విడిపోవును. మరీ గట్టిదైనచో గాలపు మొన చేప నోటికి తగులదు. ఒక గ్లాసు నీటిలో ఉండను వేసి చూచినచో అది ఎంతసేపు నిలుచునో తెలియును. చేపలను రాబట్టుటకై కొందరు తవుడును గంపలతో చెరువులో పోయుదురు. ఇది మంచి పద్ధతి కాదు. తినగా మిగిలిన తవుడు కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. రెండు మూడు పిడికిళ్లు చాలును.

కొరమీను, వాలుగ మాంసాహారులు. వీనికి చిరుచేపయో, రొయ్యయో, వానపామో ఎరగా పనికివచ్చును. జెల్లలు మీసములతో తడిమి, వాసన పట్టి, చీకటివేళ అడుగున మేయును. కావున వానికి వాసనగల ఎరలు, కోడి ప్రేగుల వంటివి, తగియుండును. కొరమీనుకు కప్పను గ్రుచ్చుట పూర్వమునుండి వచ్చుచున్న అలవాటు. కాని కప్ప పొలములో పురుగులను తిను రైతు మిత్రుడు. 1987లో మన దేశము కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించుటకు ఇదియే ముఖ్య కారణము. చిరుచేపతో జరుగు పనికి కప్పను చంపనేల?

ఎరకై తెచ్చిన బ్రదికిన చేపలను గురించి ఒక హెచ్చరిక. ఒక చెరువునుండి తెచ్చి, మిగిలినవానిని మరియొక చెరువులో విడువరాదు. అట్లు విడిచినచో రోగములు, అక్కరకురాని జాతులు క్రొత్త నీటిలో పాదుకొనును.

గాలము, దారము, బెండు, గుండు

గాలములను అంకెలతో గుర్తింతురు. ఇందు ఒక చిక్కు కలదు. సాధారణ వరుసలో అంకె పెరిగినకొలది గాలము చిన్నదగును. 12వ అంకె గాలము కంటె 6వ అంకె గాలము పెద్దది. 1/0, 2/0, 3/0 అని వ్రాయు పెద్ద గాలముల వరుసలో మాత్రము అంకెతోపాటు పరిమాణము కూడ పెరుగును. కొనువారు ఈ భేదమును తెలిసికొనవలెను. మొన పదునును పరీక్షించుటకు గోటిపై మెల్లగా ఆనించి లాగవలెను. జారిపోయినచో అది మొద్దుబారినది. గోటిని పట్టుకొన్నచో పదునైనది.

నైలాను దారము ఎన్ని కిలోల బరువుకు ఆగునో దాని కండెపై ముద్రింపబడియుండును. ముడి వేసిన చోట దాని బలము తగ్గును. ముడిని బిగించుటకు ముందు నీటితో గాని ఉమ్మితో గాని తడిపినచో రాపిడివలన వేడి పుట్టక ముడి చెడకుండును. ఎండలో చిరకాలము పడియున్న దారము పెళుసెక్కును. తెగిన దారపు ముక్కలను గట్టుపై విడిచిపెట్టరాదు. అవి కుళ్లవు, కొంగల కాళ్లకును, మేయు పశువుల నోళ్లకును చిక్కుకొనును.

బెండుకు జీలుగు బెండో, నెమలి ఈక కాడయో చాలును. బరువుకు సీసపు గుండ్లను వాడుట వాడుక. సీసము విషపదార్థము కనుక దానిని నీటిలో పారవేయరాదు, పిల్లల నోటికి అందనీయరాదు. గుండ్లను పంటితో నొక్కి దారమునకు బిగించు అలవాటును మానిపింపవలెను.

మూడు విధముల కట్టు

దారమునకు బెండును, గుండును, గాలమును ఏ వరుసలో అమర్చవలెనో తెలుపునదియే కట్టు.

మొదటిది బెండు కట్టు. బెండునకు క్రింద చిన్న గుండు, దాని క్రింద గాలము ఉండును. బెండును పైకి క్రిందికి జరిపి, బొచ్చెకు పైపొరలోను శీలావతికి నడిమి పొరలోను ఎర నిలుచునట్లు చేయవలెను.

రెండవది అడుగు కట్టు. దీనికి బెండు లేదు. మధ్య రంధ్రము గల గుండులోనుండి దారము జారునట్లు ఎక్కించి, గాలమునకు జానెడు పైన ఒక ముడియో పూసయో ఆపుగా నుంచవలెను. చేప ఎరను లాగినపుడు దారము గుండులోనుండి జారును గాని బరువు దానికి తెలియదు. ఎర్రమోసు, జెల్లలకు ఇది అనుకూలము.

మూడవది పైతేలు కట్టు. గుండు లేకయే చిరుచేపను పైపైన ఆడించుట. కొరమీను గాలి పీల్చుటకై మాటిమాటికి నీటిపైకి వచ్చును, నాచు గుబురుల నడుమ పొంచియుండును. కనుక దీనికి ఈ కట్టే ఉచితము. నాచునుండి బలముగా లాగవలసియుండును గావున దారము లావుగను, గాలము దిట్టముగను ఉండవలెను.

రెండు చేపలకు రెండు నియమములు

ఇంతవరకు చెప్పినది వేటగానికి సంబంధించినది. ఇక పంచాయతీకి సంబంధించినది చెప్పెదము.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పారు నదీజలములలో గ్రుడ్లుపెట్టును గాని మన చెరువుల నిలువ నీటిలో సాధారణముగ పెట్టవు. 1957 జూలై 10న కటకములో శాస్త్రజ్ఞుడు హీరాలాల్ చౌధురి గ్రంథిరసమునిచ్చి ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడైన పిదపనే చేపపిల్లలు విరివిగా లభింపసాగినవి. చెరువులో పిల్లలను విడుచుట డబ్బుతో కూడిన పని. చిన్న గాలముతో అరచేయి పొడవు పిల్లను పట్టినచో, మరల పిల్లలను విడుచువరకు ఆ లోటు తీరదు. వలకు కన్ను ఎట్టిదో గాలమునకు పరిమాణము అట్టిది. పెద్ద గాలము పిల్ల నోట పట్టదు. కాబట్టి ఈ చేపల విషయమున నియమము ఒక్కటే: చిన్న గాలము కూడదు, చిన్న చేపను విడువవలెను. విడుచునపుడు చేతిని తడిపి పట్టుకొనవలెను. పొడి చేతికి చేప ఒంటి జిగురు ఊడివచ్చి రోగము సోకును.

కొరమీను కథ వేరు. అది మన చెరువులోనే వర్షాకాలమున నాచు నడుమ గూడు కట్టి గ్రుడ్లుపెట్టును. ఎర్రని పిల్లలు గుంపుగా నీటిపై తేలుచుండగా తల్లిదండ్రులు క్రిందనుండి కొన్ని వారములపాటు కాపలా కాయును. అపుడు గుంపు ప్రక్కన ఏది పడినను కాపలా చేప మీద పడి కరచును. అది ఆకలి చేత కాదు, పిల్లల రక్షణకై. వేటగానికి ఇంతకంటె సులభమైన వేట లేదు, చెరువునకు ఇంతకంటె గొప్ప నష్టము లేదు. కావలి పోయిన ఆ పిల్లల గుంపును ఇతర చేపలు, కొంగలు తినివేయును. ఒక పూట కూరకై మరుసటి ఏటి పంటను పోగొట్టుకొన్నట్లగును. కావున ఎర్రని గుంపు కనబడిన చోట గాలము వేయరాదు.

ఇతర దేశముల అనుభవము

ఇట్టి చిక్కే అట్లాంటిక్ సముద్రపు సామన్ చేప విషయమునను కలదు. ఆ చేప గ్రుడ్లు పెట్టుటకై సముద్రమునుండి నదులలోనికి ఎగబ్రాకును. నదిలో ప్రవేశించిన పిదప అది మేత మానివేయును. అయినను తన ముందు కదలాడు ఎరను అది కరచుచున్నది. అనగా గాలమునకు చిక్కునది గ్రుడ్లు పెట్టబోవు చేపయే. అందుచే స్కాట్లండులో ఆదివారమున సామన్ వేటను చట్టము నిషేధించినది. 2016 నుండి చేపలు తగ్గిన నదులలో పట్టిన ప్రతి సామన్‌ను మరల నీటిలో విడువవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. నార్వే నదులలో 1975లో ఒక పరాన్నజీవి బయటపడి సామన్ పిల్లలను నాశనము చేసినది. తడి పరికరములతో అది వ్యాపింపకుండుటకై అచ్చట వేటగాండ్రు ఒక నదినుండి మరియొక నదికి పోవునపుడు పరికరములను శుద్ధిచేసికొనుట నియమము. మన వేటగాండ్రు కూడ తమ సామగ్రిని ఎండలో బాగుగ ఆరబెట్టి గాని వేరొక చెరువునకు కొనిపోరాదు.

పంచాయతీ కర్తవ్యము

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ వలన చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో మత్స్యపరిశ్రమ కూడ కలదు. తమ అధీనమందున్న చెరువు విషయమున సభ్యులు గ్రామసభలో చర్చించి ఈ క్రింది తీర్మానములను చేయవచ్చును.

1. వర్షాకాలమున కొరమీను పిల్లల గుంపులున్న చోట వేటను మానవలెను.
2. గాలమునకును, పట్టదగిన చేపకును కనీస పరిమాణమును నిర్ణయింపవలెను. మత్స్యశాఖ అధికారుల సలహాతోను, మత్స్యకారుల సహకార సంఘముతో సంప్రదించియు దీనిని చేయుట మేలు. చెరువు స్వభావము వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.
3. గుత్త ఒప్పందములో ఈ నియమములను చేర్పింపవలెను. లేనిచో అవి కాగితముపైననే నిలుచును.
4. మందుగుండు, విషము ప్రయోగించి చేపలను చంపుట 1897 నాటి భారత మత్స్య చట్టము క్రిందనే నేరమని చాటింపు వేయింపవలెను. కరెంటు తీగలను నీటిలో వేయుట చేపకంటె ముందు మనిషి ప్రాణము తీయునని పిల్లలకు కూడ బోధింపవలెను.

గాలము వేయు బాలుని గద్దించి పంపివేయుట పరిష్కారము కాదు. ఏ గాలము, ఏ ఎర, ఏ నెల అనునది వానికి నేర్పినచో వాడే రేపు చెరువునకు కావలివాడగును. తొలకరి రాకమునుపే గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగ సభ్యులను కోరుచున్నాము.