బ్యాటరీ చచ్చిందా? నిద్రపోతోందా?

తొలకరి పడింది. ఊళ్ళో దుక్కులు మొదలయ్యాయి. నాలుగు నెలలుగా పాకలో కదలకుండా ఉన్న ట్రాక్టరును బయటికి తీద్దామని మీ బాబాయి తాళంచెవి తిప్పాడనుకోండి. "టిక్"మని ఒక చిన్న చప్పుడు, అంతే! ఇంజను కదలలేదు. హెడ్‌లైటు వేస్తే గుడ్డిదీపంలా మినుకుమంది.

"బ్యాటరీ పోయింది. కొత్తది వేయించక తప్పదు" అన్నాడు బాబాయి.

"ఎందుకురా దండగ? ఒక రాత్రి ఛార్జింగు పెట్టిస్తే అదే లేస్తుంది" అన్నాడు తాతయ్య.

ఎవరి మాట నిజం? కొత్త బ్యాటరీ అంటే వేల రూపాయల ఖర్చు. పాతదాన్నే నమ్ముకుంటే, అదును దాటిపోయే వేళ ట్రాక్టరు పొలం మధ్యలో మొరాయించవచ్చు. ఈ తగవును మాటలతో తేల్చలేం. బ్యాటరీనే అడగాలి. ఎలా అడగాలో చూద్దాం.

లోపల ఏముంది?

సీసపు పలకలతో, తిరిగి ఛార్జి చేయగల బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. నేటి ట్రాక్టరు బ్యాటరీ కూడా ఆ జాతిదే. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్క గదీ ఒక ఘటం. ప్రతి ఘటంలోనూ ఋణ పలకల మీద మెత్తని సీసం, ధన పలకల మీద లెడ్ డయాక్సైడు ఉంటాయి. వాటి చుట్టూ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది.

బ్యాటరీ విద్యుత్తును ఇచ్చేటప్పుడు జరిగే చర్య ఇది:

సీసం + లెడ్ డయాక్సైడు + సల్ఫ్యూరిక్ ఆమ్లం → లెడ్ సల్ఫేటు + నీరు

ఆమ్లం ఖర్చవుతుంది, నీరు పుడుతుంది. రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేటు పేరుకుంటుంది. ఛార్జి చేస్తే ఇదే చర్య వెనక్కి నడుస్తుంది. అంటే ఆమ్లం ఎంత చిక్కగా ఉందో కొలిస్తే, బ్యాటరీలో ఎంత ఛార్జి మిగిలిందో తెలిసిపోతుందన్నమాట.

వాడకుండా వదిలేస్తే?

బ్యాటరీని వాడకపోయినా అందులోని ఛార్జి తనంతట తాను కొద్దికొద్దిగా తరుగుతుంది. ఎండ వేడికి ఇంకా త్వరగా తరుగుతుంది. కొత్తగా ఏర్పడిన లెడ్ సల్ఫేటు సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. ఛార్జి పెట్టగానే తేలికగా మారిపోతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే ఆ సన్నని స్ఫటికాలు పెరిగి, గట్టిపడతాయి. పంచదార నోట్లో వేయగానే కరుగుతుంది. అదే పటికబెల్లం ముక్కయితే ఎంతసేపు చప్పరించాలి! పదార్థం ఒకటే, స్ఫటికం పరిమాణంలోనే తేడా. ఇలా గట్టిపడటాన్ని సల్ఫేషన్ అంటారు. అది కొద్దిగా ఉంటే బ్యాటరీ నిద్రపోయినట్టు, ముదిరితే చచ్చినట్టు.

మొదటి ప్రశ్న: వయసెంత? వాలకం ఎలా ఉంది?

పెట్టె ఉబ్బినా, పగిలినా, ఆమ్లం కారుతున్నా ఇక పరీక్షలు అనవసరం. మార్చవలసిందే. మన ఎండల్లో మూడు నాలుగేళ్ళు పనిచేసిన బ్యాటరీ మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు. రెండేళ్ళలోపుదైతే ప్రయత్నం చేయవచ్చు.

మూతలున్న రకమైతే లోపలి మట్టం చూడాలి. పలకలు బయటపడి ఉంటే, అవి మునిగేంతవరకే డిస్టిల్డ్ వాటరు పోయాలి. మిగతాది ఛార్జింగు అయిన తరువాతే, ఎందుకంటే ఛార్జింగులో మట్టం పైకి వస్తుంది. బోరు నీళ్ళు పనికిరావు, అందులోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. ఆమ్లం అసలే పోయకూడదు. పోతే పోయింది నీరే, ఆమ్లం కాదు. పైగా కొత్త ఆమ్లం పోస్తే చిక్కదనం బాగున్నట్టు కనిపిస్తుంది, పలకలు మాత్రం బాగుపడవు.

రెండో ప్రశ్న: ఛార్జిని తీసుకుంటుందా?

80 ఆంపియర్-గంటల బ్యాటరీకి మామూలుగా 8 ఆంపియర్లు, అంటే సామర్థ్యంలో పదో వంతు పెడతారు. చాలాకాలం వదిలేసినదానికి అందులో సగమే పెట్టి, ఒక రోజంతా నెమ్మదిగా ఛార్జి చేయడం మంచిది. తొందరపడి ఎక్కువ విద్యుత్తు పంపితే పలకలు వేడెక్కి వంకరపోతాయి. ఛార్జరు పెట్టిన కాసేపటికే వోల్టేజి ఎగబాకి, విద్యుత్తు మాత్రం లోపలికి పోకుంటే, సల్ఫేషన్ ముదిరినట్టే.

మూడో ప్రశ్న: ఆరు ఘటాలూ సమానమేనా?

ఛార్జి అయ్యాక ఒక రాత్రి విశ్రాంతి ఇచ్చి, హైడ్రామీటరుతో ప్రతి ఘటంలోనూ ఆమ్లపు విశిష్ట గురుత్వం కొలవాలి. పూర్తి ఛార్జిలో అది 1.24 నుండి 1.28 వరకు ఉంటుంది. వేడి ప్రాంతాలకు ఆమ్లం కాస్త పలచగా పోస్తారు. ఛార్జి అయిపోతే 1.12 దగ్గరకు దిగుతుంది.

ఇక్కడ ఒక తమాషా సూత్రం ఉంది. విశిష్ట గురుత్వానికి 0.84 కలిపితే ఆ ఘటపు వోల్టేజి దాదాపుగా వస్తుంది. 1.26 అయితే 2.10 వోల్టులు. ఆరు ఘటాలకు 12.6 వోల్టులు.

ఇప్పుడు అయిదు ఘటాలు 1.26, ఒకటి మాత్రం 1.13 ఉన్నాయనుకుందాం. ఆ అయిదింటికీ 10.50, ఆరోదానికి 1.97, మొత్తం 12.47 వోల్టులు! వోల్టుమీటరు ఒక్కటే చూసినవాడు "బాగానే ఉందే" అంటాడు. కాని ఆరుగురు వరసగా నిలబడి నీళ్ళ బిందెలు అందించుకుంటున్నప్పుడు ఒకరు కూలబడితే వరసంతా ఆగిపోదూ? ఘటాలూ అంతే. వాటి మధ్య 0.05 కంటే ఎక్కువ తేడా ఉంటే, మరొకసారి ఛార్జి చేసి చూడాలి. అప్పటికీ తేడా పోకపోతే ఆ బ్యాటరీని నమ్మరాదు.

మూతలు లేని బ్యాటరీలో ఈ పరీక్ష చేయలేం. కొన్నిటి మీద రంగు మారే చిన్న కన్ను ఉంటుంది. కాని అది ఒక్క ఘటం సంగతే చెబుతుంది.

నాలుగో ప్రశ్న: బరువు మోస్తుందా?

ఇదే అసలు పరీక్ష. ఇంజను అంటుకోకుండా స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, 10 సెకన్లు స్టార్టరు తిప్పుతూ బ్యాటరీ వోల్టేజి చూడాలి. 9.6 వోల్టుల కంటే దిగకపోతే పరవాలేదు. అంతకంటే కిందికి జారితే అది ఊరికే కూర్చున్నప్పుడు బాగున్నా, పనికి రాదు.

ఈ పరీక్షలన్నీ పెద్దలు లేక మెకానిక్కు చేయవలసినవి. మీరు దూరంగా నిలబడి అంకెలు రాసుకోండి. ఛార్జింగులో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. దగ్గరలో బీడీ, చుట్ట వెలిగించరాదు. ఆమ్లం కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్ళతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఎవరు గెలిచారు?

మన ట్రాక్టరు బ్యాటరీకి రెండేళ్ళు. పెట్టె బాగుంది. ఛార్జి తీసుకుంది. ఆరు ఘటాలూ 1.25 చూపాయి. స్టార్టరు తిప్పితే 10.4 వోల్టుల దగ్గర నిలిచింది. తాతయ్య గెలిచాడు! అయితే ఒక్క ఘటం మొండికేసి ఉంటే బాబాయే గెలిచేవాడు. గెలుపును తేల్చింది అనుభవమో పట్టుదలో కాదు, కొలత.

ఇక ముందు ట్రాక్టరును నిలిపి ఉంచేటప్పుడు ముందుగా ఋణ ధ్రువపు తీగ విప్పి, నెలకొకసారి ఛార్జి చేయించాలి. లేకపోతే కొత్త బ్యాటరీకీ ఇదే గతి.

మార్చక తప్పకపోతే పాతదాన్ని కొత్తది కొన్న దుకాణంలోనే అప్పగించాలి. మనదేశంలో 2022లో వచ్చిన నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి, శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే. వల గుండ్ల కోసమని ఇంటి దగ్గర బ్యాటరీ పగలగొట్టి సీసం కరిగించటం చాలా ప్రమాదం. సీసపు పొగ, ధూళి చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తాయి. అలా పోయినదాన్ని ఏ ఛార్జరూ తిరిగి తేలేదు.

మీరే లెక్క కట్టండి

1. ఆరు ఘటాల్లోనూ విశిష్ట గురుత్వం 1.20 ఉంటే బ్యాటరీ వోల్టేజి ఎంత?

2. ఆపి ఉంచిన బండిలో ఏదో ఒక పరికరం ఎప్పుడూ 0.05 ఆంపియర్లు లాగుతోంది. 30 రోజుల్లో ఎన్ని ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి?

(జవాబులు: 1. 12.24 వోల్టులు. 2. 36 ఆంపియర్-గంటలు. అంటే 80 ఆంపియర్-గంటల బ్యాటరీలో దాదాపు సగం!)