బసవపురాణ పాఠమును కంప్యూటరు దిద్దగలదా?

ప్రాచీన కావ్యమేదియు మనకు కవి చేతివ్రాతలో లభింపదు. ఒకరి ప్రతిని చూచి వేరొకరు వ్రాసికొనిన తాళపత్రముల ద్వారా అది తరతరములు దాటి వచ్చినది. వ్రాయసకాడు ఏమరినచోట నొక అక్షరమో, ఒక పాదమో మారిపోయినది. అట్టి ప్రతులను సేకరించి, పోల్చిచూచి, కవి కూర్చిన పాఠమును నిర్ణయించుటయే గ్రంథపరిష్కరణము.

19వ శతాబ్దిలో సి.పి. బ్రౌను కడపలో స్వంత ధనముతో పండితులను నియమించి ఈ పని సాగించెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారును, పండితారాధ్య చరిత్రమును 1939లో చిలుకూరి నారాయణరావుగారును పరిష్కరించి వెలువరించిరి. ఒక పదమును కవి ఎచ్చటెచ్చట వాడెనో తెలియుటకు నాటి పండితులకు పలుమారులు చదువుటయే శరణ్యము.

నేడు ఆ శ్రమలో కొంత భాగమును కంప్యూటరు స్వీకరించినది. 1991లో వెలువడిన యూనికోడు తెలుగు అక్షరములకు ప్రత్యేక సంఖ్యలను కేటాయించినది. బండి ఱ, అరసున్న సైతము అందు కలవు. అచ్చుపుట ఛాయాచిత్రమునుండి యంత్రమే అక్షరములను గుర్తించుచున్నది. అయినను ప-వ, మ-య వంటి పోలికగల అక్షరములవద్ద పొరబడుట కలదు. కన్నడమున బసవాది శరణుల వచనములను పదము పట్టి వెదకుటకు ‘వచన సంచయ’ ఏర్పడినది.

చలనచిత్ర పరిశ్రమకు నిలయమైన హైదరాబాదులోని జూబిలీహిల్సు, ఫిలింనగరు వాసులకు ఇట్టి మార్పు పరిచితమే. పూర్వము ఎడిటరు ఫిలిమును కత్తిరించి అతికించెడివాడు. నేటి కూర్పులో మూలదృశ్యము చెక్కుచెదరదు; ఒక సన్నివేశమును రెండు విధములుగా కూర్చి పోల్చుకొనవచ్చును. ఏ కూర్పు కథకు తగునో తేల్చుట మాత్రము ఎడిటరు పనియే. గ్రంథమునందును అట్లే. అచ్చుపుటల అడుగున ఇరుకున పడియుండు పాఠాంతరములను ఇప్పుడు ఒక్కొక్క ప్రతి ఛాయాచిత్రముతో సహా చదువరి ఎదుట నిలుపవచ్చును.

ఇచ్చట నొక ప్రమాదము కలదు. ద్విపద పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణము తొలి అక్షరము యతిస్థానము. ఈ నియమమును నేర్పినచో, అక్షరము లోపించిన పాదమును యంత్రము క్షణములో పట్టి చూపును. ఇది గొప్ప ఉపకారము. కాని సోమన యతిప్రాసలయందు బుద్ధిపూర్వకముగా స్వేచ్ఛ వహించిన కవి. తరువాతి లాక్షణికుల నియమములకు లొంగని అతని ప్రయోగములను సైతము యంత్రము దోషములుగనే ఎంచును. వానిని తొందరపడి సవరించినచో సోమన జానుతెనుగే నశించును. పైగా వ్రాయసకాని తప్పు కొన్ని ప్రతులకే పరిమితమై యుండెడిది. నేటి తప్పు పాఠము ఒక్క దినములో వేయి ఇండ్లకు చేరును.

కావున యంత్రము అనుమానమును చూపవలెను. పండితుడు ప్రతులు చూచి నిర్ణయింపవలెను. మఠములలోను, గృహములలోను నున్న తాళపత్రములకు ఛాయాచిత్రములు తీయించువారు ఆకుల వరుసను, ఆ ప్రతి లభించిన తావును తప్పక వ్రాసియుంచవలెను. పిమ్మట మూలపత్రములను పారవేయరాదు. పాఠమును కంప్యూటరున కెక్కించువారు ఏ ముద్రణమునుండి గ్రహించిరో తెలిపి, సవరించినచోట సవరణను పేర్కొనవలెను. పూర్వుల మాటను ఉన్నదున్నట్లు అందించుటయు కాయకమే.